పాత బ్రిటిష్ మోటార్‌సైకిల్ రేసు సినిమాలకు ఇంకా ఆదరణ ఎందుకు?

హెల్మెట్‌కూ పెట్రోలు ట్యాంకుకూ కెమెరాలు బిగించి వేగాన్ని నేరుగా మన కళ్ల ముందుకు తెస్తున్న ఈ కాలంలో, 1930ల నుంచి 1980 దాకా బ్రిటన్‌లో తీసిన మోటార్‌సైకిల్ రేసు సినిమాలను జనం ఇంకా ఎందుకు చూస్తున్నారని మీరు అడిగారు. కొత్తగా చూడాలనుకునేవారు దేనితో మొదలుపెట్టాలని కూడా అడిగారు. చాలా ఏళ్లుగా ఈ సినిమాలను చూస్తూ, మిత్రులకు చూపిస్తూ, పాత సింగిల్ సిలిండర్ బండ్లను విప్పి బిగిస్తూ వచ్చినవాడిగా నా సమాధానం ఇది. ఆ సినిమాల అసలు విషయం వేగం కాదు, శ్రమ. పొద్దున్నే పనికి వెళ్లి వారం చివర కూలి తెచ్చుకునే మనిషి, తన చేతి నైపుణ్యంతో ఆ బతుకు నుంచి బయటపడాలని చేసే ప్రయత్నమే వాటన్నిటిలోనూ కథ. వేగాన్ని ఇప్పటి కెమెరాలు ఎంతో బాగా చూపిస్తాయి కాబట్టి, వేగం ఒక్కటే ఆకర్షణ అయి ఉంటే ఆ సినిమాలు ఎప్పుడో మరుగున పడేవి.

ముందుగా 1935 నాటి ‘నో లిమిట్’ సంగతి చూద్దాం. దీన్ని అర్థం చేసుకోవాలంటే ఐల్ ఆఫ్ మ్యాన్ గురించి కొంత తెలిసి ఉండాలి. బ్రిటన్ ప్రధాన భూభాగంలో ప్రజల రోడ్లను మూసి పందాలు నడపడానికి చట్టం ఒప్పుకోలేదు, పైగా గంటకు 20 మైళ్ల వేగ పరిమితి ఉండేది. సొంత శాసనసభ ఉన్న ఐల్ ఆఫ్ మ్యాన్ ద్వీపానికి ఆ ఇబ్బంది లేదు. అందుకే 1907లో టూరిస్ట్ ట్రోఫీ, అంటే అందరూ టీటీ అని పిలిచే పందెం, అక్కడ మొదలైంది. 1911 నుంచి అది స్నేఫెల్ కొండ మీదుగా సాగే సుమారు 37¾ మైళ్ల మార్గానికి మారింది. ఆ మార్గం ఊళ్ల మధ్య నుంచి, రాతిగోడల పక్క నుంచి, ఇళ్ల గుమ్మాల ముందు నుంచి పోతుంది. పోటీదారులందరూ ఒకేసారి బయలుదేరరు. కొంత వ్యవధితో ఒక్కొక్కరినీ వదులుతారు కాబట్టి ప్రతివాడూ గడియారంతో పోటీపడతాడు, ఎదుటివాడు ఎక్కడున్నాడో చాలాసేపు తెలియదు.

ఈ పద్ధతి ఎంతటి నాటకానికి తావిస్తుందో ఆ సినిమా వచ్చిన ఏడాదే నిజజీవితంలో కనిపించింది. 1935 సీనియర్ టీటీలో, అంటే అక్కడి ప్రధాన పందెంలో, బ్రిటిష్ నార్టన్ బండి మీద మొదటి నంబరుతో బయలుదేరిన జిమ్మీ గత్రీ పందెం ముగించి, విజేతగా అభినందనలు అందుకుంటున్నాడు. పద్నాలుగున్నర నిమిషాలు వెనక బయలుదేరిన స్టాన్లీ వుడ్స్ ఇంకా రోడ్డు మీదే ఉన్నాడు. పెట్రోలు కోసం ఆగుతాడని అందరూ అనుకున్న చోట ఆగకుండా వెళ్లిపోయి, ఇటాలియన్ మోటో గుజ్జి మీద నాలుగు సెకన్ల తేడాతో అతనే గెలిచాడు. సినిమా రచయిత కల్పించి ఉంటే నమ్మశక్యంగా లేదని కొట్టిపారేసే సంఘటన ఇది. ఇలాంటి రోడ్డు మీద కథ నడపబోయినవారికి పందెంలోని ఉత్కంఠ ముందే సిద్ధంగా ఉంది, వారు వెతుక్కోవలసింది మనిషిని మాత్రమే.

ఆ మనిషి జార్జ్ ఫార్మ్‌బీ రూపంలో దొరికాడు. లాంకషైర్‌లోని విగన్‌లో పుట్టి, చిన్నప్పుడు గుర్రపు జాకీగా శిక్షణ పొంది, తర్వాత వేదికల మీద హాస్యపాటలతో పేరు తెచ్చుకున్న నటుడు అతను. ఈ సినిమాకు కథ ఇచ్చినది వాల్టర్ గ్రీన్‌వుడ్. నిరుద్యోగంతో నలిగిన సాల్‌ఫర్డ్ కార్మిక కుటుంబాల గురించి అంతకు రెండేళ్ల ముందు నవల రాసి ప్రసిద్ధి పొందిన రచయిత ఆయనే. ఇది యాదృచ్ఛికమని నేను అనుకోను. పైకి ఇది పూర్తి హాస్యచిత్రం. పొగగొట్టాలు శుభ్రం చేసే పనివాడు తన పెరట్లో సొంతంగా బండి తయారుచేసుకుని, దానికి ‘షటిల్‌వర్త్ స్నాప్’ అని పేరు పెట్టుకుని, టీటీలో పాల్గొనడానికి వెళ్తాడు. బ్రేకులు పనిచేయక బండిని ఆపలేకపోయి, అనుకోకుండా అతను ల్యాప్ రికార్డు బద్దలుకొట్టే సన్నివేశానికి నేటికీ జనం విరగబడి నవ్వుతారు. కానీ ఆ హాస్యం అడుగున గ్రీన్‌వుడ్‌కు బాగా తెలిసిన లోకమే ఉంది. ప్రయాణానికి డబ్బు ఎలా, ప్రవేశ రుసుము ఎలా, కంపెనీ తనను ఎందుకు లెక్కచేస్తుంది అన్నవే అతని సమస్యలు. ఇతర పోటీదారుల వెనక కంపెనీలు ఉన్నాయి, అతని వెనక తల్లి ఒక్కతే ఉంది.

చివర్లో జార్జ్ పాడైపోయిన బండిని నడిపించలేక, తోసుకుంటూ వచ్చి గమ్యం దాటుతాడు. ఈ ముగింపు నాకు చాలా ఇష్టం. ఇంజన్ ఆగిన తర్వాత గెలుపు అతని కాళ్ల మీద, ఊపిరితిత్తుల మీద ఆధారపడుతుంది. బండి తోసిన అనుభవం ఉన్న ఎవరికైనా ఆ బరువు ఎంతో తెలుసు కనుక, ప్రేక్షకుడు ఎంత దూరదేశపువాడైనా ఆ క్షణంలో అతని పక్కకు చేరిపోతాడు. దగ్గర నుంచి తీసిన షాట్లలో చాలావాటికి వెనక తెర మీద రోడ్డు కదులుతున్నట్టు చూపించారు, ఆ లోపం కనబడుతూనే ఉంటుంది. దూరం నుంచి తీసిన షాట్లలో మాత్రం నిజమైన రోడ్డు, నిజమైన బండ్లు, ఆ ద్వీపంలోని నిజమైన జనం ఉన్నారు. డబ్బు కోసం అతను ముఖానికి నల్లరంగు పూసుకుని బీచ్‌లో పాడే ఘట్టం ఒకటి ఉంది. ఆ కాలపు వేదికలకు అది మామూలే అయినా, జాతిని వెక్కిరించే ఆ పద్ధతి నేడు చూసేవారికి బాధ కలిగిస్తుంది. సినిమా మీద ఎంత ప్రేమ ఉన్నా ఆ విషయాన్ని ముందుగా చెప్పే చూపించాలి. ఐల్ ఆఫ్ మ్యాన్ వారు మాత్రం ఈ చిత్రాన్ని తమ సొంత ఆస్తిగా భావిస్తారు. రాజధాని డగ్లస్‌లో ఫార్మ్‌బీ కంచు విగ్రహం కూడా ఉంది. 1935లో వుడ్స్ వేసిన వేగవంతమైన ల్యాప్ సగటు గంటకు 86 మైళ్ల పైచిలుకు. 2023లో పీటర్ హిక్‌మన్ అదే కొండ మార్గంలో 136 మైళ్లు దాటాడు. మలుపులు, వంతెన, రాతిగోడలు చాలావరకు అవే కావడం వల్ల పాత చిత్రాన్నీ కొత్త పందాన్నీ పక్కపక్కన పెట్టి చూసే అవకాశం ఉంది. చాలా క్రీడాచిత్రాలకు ఇలాంటి అదృష్టం లేదు.

దీనికి రెండేళ్ల ముందు, 1933లో బెర్నార్డ్ వోర్‌హౌస్ తీసిన ‘మనీ ఫర్ స్పీడ్’ స్పీడ్‌వే పందాల కథ. ఇద్దరు పోటీదారులు, వారి మధ్య ఒక అమ్మాయి అన్న మామూలు కథే అయినా, ఆ పాత్రలో, తర్వాత హాలీవుడ్‌లో నటిగా, దర్శకురాలిగా పేరు తెచ్చుకున్న ఐడా లుపినో చాలా చిన్న వయసులో కనిపిస్తుంది, ఎడిటింగ్ చేసినది యువకుడైన డేవిడ్ లీన్. తర్వాత మూడు దశాబ్దాలకు లీన్ మొదటి ప్రపంచ యుద్ధకాలపు బ్రిటిష్ సైనికాధికారి అరేబియా లారెన్స్ జీవితాన్ని తెరకెక్కించినప్పుడు, 1935లో ఆ వీరుడి ప్రాణం తీసిన మోటార్‌సైకిల్ ప్రమాదంతోనే చిత్రాన్ని మొదలుపెట్టాడు. బండి వేగాన్ని కత్తిరింపుతో ఎలా పలికించాలో అతను ఎంత ముందునుంచి సాధన చేశాడో గమనించడానికైనా ఈ చిన్న చిత్రాన్ని ఒకసారి చూడవచ్చు.

స్పీడ్‌వే అంటే ఏమిటో తెలియకపోతే తర్వాతి చిత్రం సగమే అర్థమవుతుంది. అండాకారపు మట్టి ట్రాక్ మీద నలుగురు పోటీదారులు నాలుగు చుట్లు తిరుగుతారు. బండికి బ్రేకులు ఉండవు, గేరు ఒక్కటే. మలుపు రాగానే వెనక చక్రాన్ని కావాలని జారనిచ్చి, ముందు చక్రాన్ని మలుపుకు ఎదురుదిశలో తిప్పి, ఇనుప అడుగు తొడిగిన ఎడమకాలిని నేలకు ఆనించి తిరగాలి. పందెం ఒక నిమిషం పైచిలుకులో ముగుస్తుంది. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఈ క్రీడ 1928లో లండన్ శివారులోని హై బీచ్‌లో పెద్ద ఎత్తున అడుగుపెట్టి, కొద్ది కాలంలోనే నగరాల్లోని కార్మికులకు సాయంకాలపు వినోదంగా మారింది. ఫ్యాక్టరీలో పని దిగినవాడు కాలినడకన వెళ్లి చూసేంత దగ్గరలో స్టేడియం ఉండేది. ట్రాక్ మీద తిరిగేవాడు కూడా నిన్నటిదాకా అలాంటి ఫ్యాక్టరీలోనే పనిచేసినవాడు.

ఆ ఒక్క వాక్యాన్నే పూర్తి సినిమాగా విస్తరించినట్టు ఉంటుంది ‘వన్స్ ఎ జాలీ స్వాగ్‌మన్’. 1949 మొదట్లో విడుదలైన ఈ చిత్రానికి దర్శకుడు జాక్ లీ, నిర్మాత ఇయన్ డాల్‌రింపుల్. యుద్ధకాలంలో ప్రభుత్వం కోసం డాక్యుమెంటరీలు తీసిన క్రౌన్ ఫిల్మ్ యూనిట్‌లో పనిచేసినవారే ఇద్దరూ. ఫ్యాక్టరీ పని మీద విసుగెత్తిన బిల్ ఫాక్స్ అనే యువకుడు స్పీడ్‌వే తారగా ఎదుగుతాడు. ఆ పాత్ర వేసిన డర్క్ బోగార్డ్‌కు అప్పటికింకా పెద్ద పేరు రాలేదు. ఈ రకం చిత్రాలలో నా లెక్కన శిఖరం ఇదే, ఎందుకంటే పందాన్ని ఒక ఉద్యోగంగా చూసే ధైర్యం ఇందులో ఉంది. జట్టులోని అనుభవజ్ఞుడైన లాగ్ గిబ్బన్ గాయపడిన తర్వాత, ఆడినంతకాలం చప్పట్లు కొట్టిన వ్యవస్థ పడిపోయినవాడి పట్ల ఎంత ఉదాసీనంగా ఉంటుందో బిల్‌కు అర్థమవుతుంది. పోటీదారులకు కూడా సంఘం కావాలన్న మాట అక్కడి నుంచి వస్తుంది. క్రీడాచిత్రంలో నాయకుడు తోటివారి నష్టపరిహారం గురించి మాట్లాడడం ఎంత అరుదైన విషయమో ఆలోచించండి. గెలుపు ఓటముల లెక్క పూర్తయ్యాక మనిషి శరీరానికి ఎవరు బాధ్యులన్న ప్రశ్న డెబ్బై ఐదేళ్లు దాటినా పాతబడలేదు.

ఆ చిత్రంలోని ట్రాక్ దృశ్యాలు లండన్‌లోని న్యూ క్రాస్ స్టేడియంలో తీశారు. స్టేడియం ఇప్పుడు లేదు. పొగమంచు పట్టిన రాత్రిలో విద్యుద్దీపాల కింద ఎగిరే మట్టి, టోపీలు పెట్టుకుని కటకటాల దగ్గర ఒకరిమీద ఒకరు పడి చూసే జనం, మెథనాల్ ఇంధనంతో నడిచే ఇంజన్ల గుండెలు అదిరే చప్పుడు, ఇవన్నీ డాక్యుమెంటరీ అలవాటున్న కళ్లతో తీసినవి కాబట్టే నేడు ఆ ప్రాంత చరిత్రకు సాక్ష్యంగా మిగిలాయి. సినిమా నిలవడానికి ఇది రెండో పెద్ద కారణమని నేను నమ్ముతాను. స్టూడియోలో కల్పించిన లోకం కాలంతోపాటు వెలిసిపోవచ్చు గాని, నిజమైన చోట తీసిన లోకం ఆ చోటు పోయినకొద్దీ విలువ పెంచుకుంటుంది.

1964లో వచ్చిన ‘ది లెదర్ బాయ్స్’ను రేసు సినిమాల వరుసలో చేర్చడానికి కొందరు ఒప్పుకోరు, ఎందుకంటే ఇందులో స్టేడియం లేదు, కప్పు లేదు. నేను తప్పకుండా చేరుస్తాను. యుద్ధానంతర బ్రిటన్‌లో కుర్రవాళ్ల చేతిలో నాలుగు డబ్బులు ఆడడం మొదలైంది, వాయిదాల మీద ట్రయంఫ్, నార్టన్, బీఎస్‌ఏ బండ్లు అందుబాటులోకి వచ్చాయి. లండన్ చుట్టూ తిరిగే నార్త్ సర్క్యులర్ రోడ్డు మీది ఏస్ కెఫే వారి అడ్డా. 1938లో తెరిచిన ఆ హోటల్ యుద్ధంలో బాంబు దెబ్బతిని, 1949లో తిరిగి కట్టబడి, 1969లో మూతపడి, 2001లో మళ్లీ తెరుచుకుంది. చిత్రం తీసినది ఆ అసలు కెఫేలోనే. ఇందులోని పందెం లండన్ నుంచి ఎడిన్‌బరో వెళ్లి తిరిగి రావడం, అంటే రానుపోను సుమారు 800 మైళ్లు. మామూలు రోడ్డు మీద, మామూలు ట్రాఫిక్‌లో, వానలో, చలిలో సాగే ఆ ప్రయాణంలో దర్శకుడు సిడ్నీ జె. ఫ్యూరీ వేగం కంటే అలసటను ఎక్కువగా చూపించాడు.

ఈ చిత్రంలో చిన్నవయసులో పెళ్లి చేసుకున్న రెజ్జీ, డాట్‌ల కాపురం ఇరుకు గదుల్లో చెడిపోతుంటే, రెజ్జీకి పీట్ అనే స్నేహితుడు దొరుకుతాడు. పీట్‌ది స్నేహానికి మించిన ప్రేమ అని రెజ్జీకి ఆలస్యంగా తెలుస్తుంది. పురుషుల మధ్య ప్రేమ ఇంగ్లండ్‌లో అప్పటికి నేరం, ఆ చట్టం మారినది 1967లో. అలాంటి సమయంలో పీట్ పాత్రను డడ్లీ సటన్ ఎక్కడా వెకిలితనం లేకుండా, గౌరవంగా పోషించాడు. తోలు జాకెట్టు వేసుకున్న కుర్రవాళ్లను పత్రికలు రౌడీలుగా చిత్రిస్తున్న కాలంలో, వారికీ ఇల్లు కావాలని, తోడు కావాలని ఈ సినిమా నెమ్మదిగా చెప్పింది. డాట్ పాత్రలో రీటా టషింగ్‌హామ్ నటన గురించి విడిగా రాయాలి, ఇక్కడ చోటు చాలదు.

మన దగ్గర ఈ చిత్రాలతో ఉన్న బంధం ఎక్కడో వెతకనక్కరలేదు. ఇంగ్లండ్‌లోని రెడిచ్‌లో పుట్టిన రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ 1955 నుంచి మద్రాసులో తయారవడం మొదలై, పుట్టిన ఊళ్లో కంపెనీ మూతపడ్డాక కూడా మన రోడ్ల మీద బతికింది. ఆ సినిమాల్లో ఇంజన్ శబ్దం వింటుంటే నెల్లూరులోనో వరంగల్‌లోనో పెరిగినవారికి పరాయిగా అనిపించదు. అదే కంపెనీ ఏస్ కెఫే కుర్రవాళ్ల బండ్ల ఆకృతిని గుర్తుచేసే కాంటినెంటల్ జీటీని 2013లో తెచ్చింది, దాని తర్వాత వచ్చిన 650 బండ్లు నేడు హైదరాబాదు, విజయవాడ వీధుల్లో కనిపిస్తున్నాయి. కిందికి వంచిన ఆ హ్యాండిల్ ఎవరి బతుకులో నుంచి వచ్చిందో తెలుసుకోవాలనుకునే వారికి ‘ది లెదర్ బాయ్స్’ కంటే మంచి దారి నాకు తెలియదు. మన వాణిజ్య చిత్రాల్లో మోటార్‌సైకిల్ చాలాసార్లు నాయకుడి హోదాకు గుర్తుగా వస్తుంది. ఈ బ్రిటిష్ చిత్రాల్లో అది అతని పనిముట్టు, దాన్ని విప్పుతాడు, తుడుస్తాడు, దాని చమురు చేతులకు అంటించుకుని భోజనానికి కూర్చుంటాడు.

1980లో వచ్చిన ‘సిల్వర్ డ్రీమ్ రేసర్’ను సినిమాగా నేను అంత గొప్పదని అనను. డేవిడ్ విక్స్ దర్శకత్వంలో సంభాషణలు అక్కడక్కడా బరువుగా సాగుతాయి, ప్రేమకథ అతికినట్టు ఉంటుంది. అయినా దాని కాలాన్ని బట్టి చూస్తే మనసు కదులుతుంది. అప్పటికి బీఎస్‌ఏ కుప్పకూలింది, ట్రయంఫ్‌ను మెరిడెన్‌లో కార్మికుల సహకార సంఘం ఎలాగో నెట్టుకొస్తోంది. 1976, 1977లలో 500 సీసీ ప్రపంచ విజేతగా నిలిచిన లండన్ కుర్రాడు బారీ షీన్ కూడా ఆ గెలుపు సాధించినది జపాన్ సుజుకి మీదే. వరుస మరణాల తర్వాత టీటీ ప్రపంచ ఛాంపియన్‌షిప్ హోదా కోల్పోగా, 1977లో బ్రిటిష్ గ్రాండ్ ప్రీ ఇంగ్లండ్‌లోని సిల్వర్‌స్టోన్ ట్రాక్‌కు మారింది. ఇలాంటి రోజుల్లో, చనిపోయిన అన్న ఒంటరిగా రూపొందించిన బ్రిటిష్ బండిని తమ్ముడు నిక్ ఫ్రీమన్ సిల్వర్‌స్టోన్‌లో ప్రపంచస్థాయి పోటీకి తీసుకువెళ్లడమే ఈ కథ. తెర మీది ఆ బండి వేల్స్‌లోని బార్టన్ అనే చిన్న సంస్థ తయారుచేసిన నిజమైన రేసు యంత్రం. పరిశ్రమ చేయలేకపోయినదాన్ని ఒక షెడ్డులో ఇద్దరు ముగ్గురు చేసి చూపించాలన్న కోరిక ఆ సినిమాలో ఎంత గాఢంగా ఉందంటే, 1935లో పెరట్లో బండి కట్టుకున్న పొగగొట్టాల పనివాడికి ఈ నిక్ ఫ్రీమన్ మనవడిలా కనిపిస్తాడు. పాత్ర పోషించిన డేవిడ్ ఎసెక్స్ స్వయంగా గాయకుడు కావడంతో అందులోని పాట బ్రిటన్‌లో పెద్ద విజయం సాధించింది.

మరణం గురించి చెప్పకుండా ఈ సమాధానం ముగించడం నిజాయితీ కాదు. ఐల్ ఆఫ్ మ్యాన్ కొండ మార్గం 1911 నుంచి 250 మందికి పైగా పోటీదారుల ప్రాణాలు తీసుకుంది. పాత హాస్యచిత్రాలు ఆ నిజాన్ని పక్కన పెట్టాయి. దాన్ని సూటిగా ఎదుర్కొన్నవి తర్వాతి డాక్యుమెంటరీలు. 2010 టీటీ మీద తీసి 2011లో విడుదలైన ‘క్లోజర్ టు ది ఎడ్జ్’, ఉత్తర ఐర్లాండ్ డన్‌లప్ సోదరుల మీద 2014లో వచ్చిన ‘రోడ్’ చూస్తే, మెకానిక్కులు, లారీ డ్రైవర్లు, చిన్న వ్యాపారులైన మనుషులు వారాంతంలో ఎందుకు ప్రాణం పణంగా పెడతారన్న ప్రశ్న మళ్లీ మన ముందుకు వస్తుంది. జోయీ డన్‌లప్ 26 టీటీ విజయాలు సాధించి, 2000లో ఎస్టోనియాలో పందెంలోనే చనిపోయాడు. అతని తమ్ముడు రాబర్ట్ 2008లో చనిపోయాడు. ఈ డాక్యుమెంటరీలు బాగా ఆడడానికి, పాత సినిమాలు నిలవడానికి కారణం ఒకటేనని నా అభిప్రాయం. హెల్మెట్ తీసిన తర్వాత ఆ ముఖం మన వీధిలోని ముఖంలా ఉంటుంది.

ఇక చూసే వరుస. విడుదలైన సంవత్సరాల ప్రకారం చూడవద్దు. ‘వన్స్ ఎ జాలీ స్వాగ్‌మన్’తో మొదలుపెట్టండి, ఎందుకంటే దాని ప్రశ్నలు తెలిస్తే మిగతావన్నీ లోతుగా కనబడతాయి. తర్వాత ‘నో లిమిట్’ను వీలైతే పిల్లలతో కలిసి చూడండి, నేను పైన చెప్పిన ఆ ఒక్క ఘట్టం గురించి వారికి ముందే వివరించండి. ‘ది లెదర్ బాయ్స్’ లండన్ శ్రామికుల యాసలో సాగుతుంది కాబట్టి ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ ఉన్న ప్రతిని తీసుకుంటే మేలు. ‘మనీ ఫర్ స్పీడ్’ను తీరిక ఉంటేనే వెతకండి. ‘సిల్వర్ డ్రీమ్ రేసర్’ విషయంలో మాత్రం ఒక జాగ్రత్త అవసరం. దాని బ్రిటిష్ ప్రతికీ అమెరికాలో విడుదలైన ప్రతికీ ముగింపు వేరు. అమెరికన్ ప్రతి నాయకుడి గెలుపు దగ్గరే కథను ఆపేస్తుంది, బ్రిటిష్ ప్రతి గమ్యరేఖ దాటిన తర్వాత ఏం జరిగిందో కూడా చూపిస్తుంది. మీరు చూడవలసినది బ్రిటిష్ ప్రతి.